కాన్ఫరెన్స్ పేరు చూసి కాలేజీని ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడుతోంది. అమెరికాలో రెండు విశ్వవిద్యాలయాల కోచ్‌లు స్కాలర్‌షిప్ ఇస్తామంటున్నారు. ఒకటి పాక్-12 కాన్ఫరెన్స్ నుంచి బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్స్‌కు వెళ్లిపోయినది, రెండోది కొత్త పాక్-12లో ఉన్నది. పాక్-12 పని అయిపోయిందని, మొదటి దానికే పంపమని బంధువులు అంటున్నారు. మీ సలహా ఏమిటి?

జవాబు: మీ బంధువులు చెప్పినదాంట్లో నిజం ఉంది. అయితే ఆ నిజం ఎక్కువగా అమెరికన్ ఫుట్‌బాల్‌కు చెందినది, మీ అమ్మాయి ఆటకు కాదు. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము పోటీలు ఆడుకుంటూ, ప్రసార హక్కులను కలిసి అమ్ముకునే విశ్వవిద్యాలయాల కూటమి. 1915లో పుట్టిన పశ్చిమ తీరపు కూటమి వారసత్వంతో సాగిన పాక్-12, అన్ని క్రీడల్లో కలిపి 500కు పైగా జాతీయ టైటిళ్లు గెలిచింది. అయినా 2012లో మొదలుపెట్టిన సొంత టీవీ నెట్‌వర్క్ అనుకున్నన్ని ఇళ్లకు చేరలేదు. 2022 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లోని రెండు విశ్వవిద్యాలయాలు యూఎస్‌సీ, యూసీఎల్ఏ బిగ్ టెన్‌కు వెళ్తున్నట్లు ప్రకటించాయి. మరుసటి ఏడాది కొత్త ప్రసార ఒప్పందం కుదరకపోవడంతో మిగిలినవీ ఒక్కొక్కటిగా జారుకున్నాయి. చివరికి పన్నెండింటిలో ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలాయి. ఆ రెండూ బోయిసీ స్టేట్, శాన్ డియేగో స్టేట్, గొంజాగా వంటి సంస్థలను చేర్చుకుని 2026 జులై నుంచి కూటమిని మళ్లీ నిలబెట్టే ఏర్పాటు చేసుకున్నాయి.

ఈ నిర్ణయాలు టెన్నిస్ క్రీడాకారులను దృష్టిలో పెట్టుకుని తీసుకున్నవి కావు, భారం మాత్రం వాళ్ల మీదా పడింది. నాకు బాధ కలిగించేది ఇదే. ఒకప్పుడు పొరుగు రాష్ట్రమైన అరిజోనాకు వెళ్లి ఆడివచ్చే లాస్ ఏంజెలెస్ జట్టు, ఇప్పుడు దాదాపు 4,000 కిలోమీటర్ల దూరంలోని న్యూజెర్సీతో ఒకే కూటమిలో ఉంది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్కిలీ అయితే పేరులోనే అట్లాంటిక్ తీరం ఉన్న ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్)లో చేరాయి. మూడు గంటల కాలభేదం దాటి అర్ధరాత్రి తిరిగొచ్చి, ఉదయాన్నే ల్యాబ్‌కు హాజరు కావలసిన పద్దెనిమిదేళ్ల అమ్మాయిని దృష్టిలో పెట్టుకుని ఆలోచించండి. ఇద్దరు కోచ్‌లనూ గత సీజన్ ప్రయాణాల పట్టిక అడగండి; అందులో తరగతులు పోయిన రోజులను మీ అమ్మాయి చేతనే లెక్కపెట్టించండి.

అంతకంటే ముఖ్యమైనది స్కాలర్‌షిప్ సంగతి. మహిళల టెన్నిస్‌లో డివిజన్ 1 (కళాశాల క్రీడల్లో అత్యున్నత శ్రేణి) జట్టుకు 8 పూర్తి స్కాలర్‌షిప్‌లు అనే పాత లెక్క ఇప్పుడు అందరికీ వర్తించదు. కళాశాల క్రీడాకారులు వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాలకు, ఆ స్థానంలో 10 మంది రోస్టర్ (జట్టు సభ్యుల జాబితా) పరిమితి వచ్చింది. ఆ పది మందిలో ఎవరికి ఎంత ఇవ్వాలన్నది విశ్వవిద్యాలయమే నిర్ణయించుకుంటుంది. అదే ఒప్పందం ప్రకారం మొదటి ఏడాది క్రీడాకారులతో పంచుకోగల ఆదాయానికి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఈ సొమ్ములో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లకే పోతుంది కాబట్టి, పెద్ద కాన్ఫరెన్స్‌లో ఉన్నంత మాత్రాన టెన్నిస్‌కు డబ్బు దండిగా అందుతుందని అనుకోకండి. పైగా ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థులు అమెరికాలో ఉంటూ ప్రకటనల ద్వారా సంపాదించడానికి గట్టి అడ్డంకులు ఉన్నాయి. ఆ ఆదాయం వస్తుందని ఎవరైనా ఆశపెడితే దాన్ని మీ లెక్కలో వేసుకోకండి.

కాబట్టి “స్కాలర్‌షిప్ ఇస్తాం” అన్న నోటిమాట మీద ఆధారపడవద్దు. ట్యూషన్, వసతి, భోజనం, ఆరోగ్య బీమాలలో ఎంత శాతం ఇస్తారో, అది ఏడాదికా నాలుగేళ్లకా, గాయమైతే ఏమవుతుందో, కోచ్ మారితే ఏమవుతుందో రాతపూర్వకంగా అడగండి. చాలా స్కాలర్‌షిప్‌లు ఏటా పునరుద్ధరించేవే అయినా, నాలుగేళ్లకు రాసివ్వడానికి నియమాలు అనుమతిస్తాయి.

నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. మీ అమ్మాయి కోరుకునే కోర్సు రెండు చోట్లా సమానంగా ఉంటే, కొత్త పాక్-12లోని విశ్వవిద్యాలయం నాలుగేళ్ల పూర్తి స్కాలర్‌షిప్ రాసిస్తే, నేను దానివైపే మొగ్గుతాను. కోర్సు అక్కడ లేకపోతే మాత్రం ఈ లెక్క మారుతుంది. ఆమె ఏం చదవాలనుకుంటోందో మీ ఉత్తరంలో రాయలేదు, సంతకం చేసే ముందు ఆమెనే కూర్చోబెట్టి అడగండి.