మీ ప్రశ్నలు, మా జవాబులు: ఫోన్ పట్టుకుని చుక్కలు, తీగలు, సందులు, పిట్టలు

పోయిన నెల ఫోన్‌తో ఆకాశాన్నీ ఊరినీ చూడడం గురించి రాశాక చాలా ఉత్తరాలొచ్చాయి. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఫోన్‌లో స్కై మ్యాప్ (ఆకాశంలో ఏ చుక్క ఎక్కడుందో చూపించే యాప్) వేశాడు. డాబా మీద చంద్రుడి వైపు పెడితే, యాప్‌లో చంద్రుడు పక్కకి జరిగి వాటర్ ట్యాంకు మీద కనిపిస్తున్నాడు. ఎత్తు మాత్రం సరిగ్గానే ఉంది. ఫోన్ పాడైందా? (నంద్యాల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పాడవలేదండీ. "ఎత్తు సరిగ్గానే ఉంది" అన్నారు చూశారా, అసలు సంగతి అక్కడే ఉంది. ఏ చుక్క ఎక్కడుండాలో యాప్ లెక్కగడుతుంది, టైమూ మీరున్న చోటూ తెలిస్తే దానికి చాలు. ఫోన్ ఎటు పట్టుకున్నారన్నది మాత్రం ఫోనే చెప్పాలి. పైకెంత వంచారో భూమి ఆకర్షణను బట్టి ఒక సెన్సర్ పట్టేస్తుంది, అది పెద్దగా తప్పదు. తూర్పా పడమరా అన్నది దిక్సూచి సెన్సర్ పని, దగ్గర్లో ఇనుమో అయస్కాంతమో ఉంటే అది తికమకపడుతుంది. డాబా మీద ఇనుముకేం కొదవ? పై అంతస్తు కోసం వదిలేసిన పిల్లర్ల చువ్వలు, ట్యాంకు స్టాండు, మోటారు. నా ఫోన్ విషయంలో ఇవేవీ కావు, పుస్తకంలా మూసే పౌచ్ మూతలో కందిపప్పంత అయస్కాంతం ఉంది, పౌచ్ తీసేసరికి చుక్కలన్నీ వాటి చోటికి వచ్చేశాయి. మీరూ పౌచ్ తీసి, చువ్వలకు దూరంగా నిలబడి, ఫోన్‌తో గాల్లో నాలుగైదుసార్లు 8 అంకె గీయండి. తర్వాత మళ్ళీ చంద్రుడితోనే సరిచూసుకోండి.

అది కుదిరాక ఇంకో పని చెయ్యండి, నాకు చాలా ఇష్టమైనది. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో వస్తుంది కదా, ఆ రోజుల్లో రాత్రంతా వెతికినా ఆరుద్ర నక్షత్రం కనబడదు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే కాలం, రెండూ దాదాపు ఒకేసారి ఉదయించి ఒకేసారి అస్తమిస్తాయి, ఇక రాత్రి కనబడేదెలా? కానీ యాప్‌కి వెలుగూ గోడలూ అడ్డం కావు. పగలు గదిలోనే కూర్చుని (బయటికెళ్ళి సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, కెమెరాతోనూ వద్దు) ఫోన్‌ని సూర్యుడున్న వైపు తిప్పితే, తెర మీద సూర్యుడికి కొంచెం దక్షిణంగా బెటెల్‌జ్యూస్ అని కనిపిస్తుంది. అదే మన ఆరుద్ర. మా తాత కార్తెలు చెప్పి విత్తనాలు వేయించేవాడు, ఆయన నోటి లెక్క తెర మీద అలా కనబడ్డ రోజు నాకు ఒళ్ళు పులకరించింది. మిగతావీ అంతే, ఆల్డెబరాన్ అంటే రోహిణి, స్పైకా చిత్త, ఆర్క్‌ట్యూరస్ స్వాతి, ప్లయడీస్ అంటే కృత్తికలు, అదే పల్లెల్లో చెప్పుకునే పిల్లలకోడి. ఒక కాగితం మీద రాసి అబ్బాయికివ్వండి.

ప్రశ్న: ఇలాంటివి వాడాలంటే ఖరీదైన ఫోన్ కొనాలా? (ఒంగోలు)

జవాబు: వద్దు. ఉన్న ఫోన్‌లో దిక్సూచి యాప్ వేసి, చేతిలో పట్టుకుని నిలబడ్డచోటే చుట్టూ తిరగండి. మీరెటు తిరిగినా ముల్లు ఉత్తరం వైపే చూపిస్తుంటే చుక్కలు చూడ్డానికి అది చాలు. పిట్టల్ని, మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌లకైతే అదీ అక్కర్లేదు, కెమెరా, మైకు ఉంటే సరి.

ప్రశ్న: మా దొడ్లో తీగ ఫోటో తీస్తే యాప్ తిప్పతీగ అని చెప్పింది. కషాయం కాచుకోవచ్చా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా, యాప్ మాట మీద ఏదీ నోట్లో పెట్టుకోవద్దు. అది మీ ఫోటోని వేరే ఫోటోలతో పోల్చి దగ్గరగా ఉన్న పేరు చెబుతుంది, అంతే. తిప్పతీగకి అచ్చం దానిలాంటి ఆకులతోనే ఇంకో తీగ ఉంది, దాని శాస్త్రీయ నామం టినోస్పోరా క్రిస్పా. దీన్నీ దాన్నీ కలగలపొద్దని 2022లో కేంద్ర ఆయుష్ శాఖ కూడా చెప్పింది. కాండాన్ని వేళ్ళతో తడిమి చూడండి, ఒళ్ళంతా పులిపిర్లు లేచినట్టు బుడిపెలు తగిలితే అది మన తిప్పతీగ కాదు. ఫోటోలో ఆకు ఒక్కటే పెడితే ఈ తేడా పడదు, కాండం, పువ్వు, కాయ విడివిడిగా తీయాలి. అసలు తిప్పతీగే అయినా లివర్ జబ్బున్నవాళ్ళు, షుగర్ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా తాగకూడదు.

ప్రశ్న: చార్మినార్ వెనక సందుల్లో మ్యాప్స్‌లోని నీలం చుక్క గెంతుతోంది, టెన్షన్ వచ్చేస్తోంది. కెమెరాలో రోడ్డు మీద బాణాలు చూపించేది కూడా అక్కడ రావట్లేదు. (విజయవాడ)

జవాబు: జీపీఎస్ సిగ్నల్ దాదాపు 20,000 కిలోమీటర్ల పైనుంచి వస్తుంది. సందులో అది గోడలకు తగిలి చుట్టు తిరిగి వస్తే, ఫోన్ దూరం తప్పు లెక్కేస్తుంది. బయలు ప్రదేశంలోనే 5 మీటర్ల తేడా మామూలు, పాతబస్తీలో కొన్ని సందులు అంత వెడల్పు కూడా ఉండవు. బాణాలు చూపించే లైవ్ వ్యూ వేరే పద్ధతి, మీ ఎదురుగా ఉన్న భవనాల్ని స్ట్రీట్ వ్యూ ఫోటోలతో, అంటే మ్యాప్స్ కోసం ముందే వీధుల్లో తీసిపెట్టిన ఫోటోలతో పోల్చుకుంటుంది. 2022లో మన దేశంలో స్ట్రీట్ వ్యూ 10 నగరాలతో మొదలైనప్పుడు హైదరాబాద్ కూడా ఉంది, కానీ ఫోటోలు తీయని సందులో ఆ బాణాలు రావు. అక్కడ ఫోన్ జేబులో పెట్టి గాజుల కొట్టాయన్ని అడగండి, దారి చెబుతాడు.

ప్రశ్న: దసరా రోజు తీగ మీద నీలం పిట్ట కనబడితే అమ్మ పాలపిట్ట అని దణ్ణం పెట్టింది. మా పాప ఫోటో తీసి పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్‌లో పెడితే లకుముకి పిట్ట అంది. ఎవరి మాట నిజం? (వరంగల్)

జవాబు: ఫోటో పంపారు కాబట్టి చెప్పగలను, యాపే కరెక్టు. తెల్లటి గొంతూ రొమ్మూ, పొడవాటి ఎర్ర ముక్కు, వీపంతా మెరిసే నీలం, ఇది లకుముకి పిట్టే. పాలపిట్టకి ముక్కు నల్లగా ఉంటుంది, రొమ్ము గోధుమ రంగు. కూర్చున్నప్పుడు అంత అందంగా కూడా అనిపించదు. రెక్క విప్పిందంటే మాత్రం లేత నీలం, ముదురు నీలం పట్టీలు ఒక్కసారిగా బయటపడతాయి. అమ్మగారి దణ్ణం ఎక్కడికీ పోదు, అసలు పాలపిట్టని కూడా ఆవిడకి చూపించండి. డబ్బులు తీసుకుని పంజరంలో పెట్టి చూపించేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం, పంజరంలో అది రెక్క విప్పేదీ లేదు. ఊరి బయట చేల పక్కన కరెంటు తీగలు చూసుకుంటూ వెళ్ళండి. కనబడగానే ఫోన్ తీయొద్దు, అది పురుగు కోసం కిందికి దూకేదాకా అమ్మా పాపా కదలకుండా చూడాలి. తిరిగి వచ్చి తీగ మీద కూర్చున్నాక అప్పుడు ఫోటో తీసుకోండి.