జూన్‌టీన్త్ సంబరాలకు మనం వెళ్లొచ్చా?

ప్రశ్న: మేం హ్యూస్టన్ దగ్గర షుగర్‌ల్యాండ్‌లో ఉంటాం. మా పాప స్నేహితురాలి వాళ్లమ్మ జూన్ 19న హ్యూస్టన్‌లో థర్డ్ వార్డ్ అనే పేటలోని ఎమాన్సిపేషన్ పార్క్‌లో జరిగే జూన్‌టీన్త్ (నల్లవాళ్లు బానిసత్వం నుంచి విడుదలైన రోజు) సంబరాలకు మమ్మల్ని పిలిచింది. నాకు వెళ్లాలనుంది. మా అత్తగారు "అది నల్లవాళ్ల పండగ, మనకెందుకు? పైగా ఆ ఏరియా మంచిది కాదట" అంటున్నారు. మావారేమో "విడుదల కబురు రెండున్నరేళ్లు ఆలస్యంగా అందితే దానికి పండగేంటి" అని తీసిపారేస్తున్నారు. వెళ్తే ఎలా మసలుకోవాలి? పులిహోర లాంటిదేమైనా వండి పట్టుకెళ్లొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీవారి సంగతి చూద్దాం. కబురు అందక కాదమ్మా, అమలు చేసే దిక్కు లేక. బానిసలకు విడుదల అంటూ అధ్యక్షుడు లింకన్ చేసిన ప్రకటన 1863 జనవరి 1న వచ్చింది. టెక్సాస్ యజమానులు పత్రికలు చదవనివాళ్లేం కాదు. పైగా అప్పటి అంతర్యుద్ధంలో లింకన్ పక్షమైన యూనియన్ సైన్యం అంత దూరం రాదులే అని పక్క రాష్ట్రాల వాళ్లు కూడా తమ బానిసల్ని అక్కడికే తోలుకొచ్చారు. 1865 జూన్ 19న జనరల్ గోర్డన్ గ్రేంజర్ సైన్యంతో గాల్వెస్టన్‌లో ఉండి మూడో నంబరు ఉత్తర్వు ఇస్తే గానీ, టెక్సాస్‌లోని సుమారు రెండున్నర లక్షల మందికి విడుదల మొదలు కాలేదు. ఆ ఉత్తర్వు చిన్నదే, మీవారిని చదవమనండి. మొదట్లో స్వేచ్ఛ, చివర్లో "ఉన్నచోటే ఉండి కూలికి పనిచేసుకోండి, ఖాళీగా కూర్చుంటే పోషించం" అన్న ధోరణిలో హెచ్చరిక. తరతరాలుగా జీతం లేకుండా చాకిరీ చేసినవాళ్లకి ఆ నీతులు!

మరుసటి ఏడాదికే పండగ మొదలుపెట్టారు. చేసుకోవడానికి చోటేదీ? హ్యూస్టన్‌లో జాక్ యేట్స్ అనే బాప్టిస్టు పాస్టరు, ఆయనా ఒకప్పటి బానిసే, మరికొందరితో కలిసి చందాలు పోగేసి 1872లో పదెకరాలు కొన్నారు. మిమ్మల్ని పిలిచిన పార్కు అదే. తర్వాత అది నగరం చేతికి వెళ్లింది. 1922 నుంచి 1940 వరకు హ్యూస్టన్‌లో నల్లవాళ్లను రానిచ్చిన ఒకే ఒక్క ప్రభుత్వ పార్కు కూడా అదే. దాని ముందున్న వీధికేమో చాలాకాలం డౌలింగ్ పేరు. ఆయన బానిసత్వం నిలబడాలని పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యంలో అధికారి! 2017లో గానీ అది ఎమాన్సిపేషన్ అవెన్యూ కాలేదు. టెక్సాస్‌లో ఈ రోజు 1980 నుంచి సెలవు, దేశమంతటికీ 2021లో వచ్చింది. సెలవు సంగతి సరే, నాకు మాత్రం ఆ పదెకరాలే పెద్ద విషయం.

ఇక అత్తగారు. ఏరియా మంచిది కాదన్నవాళ్లలో ఎంతమంది అక్కడ కారు దిగి నడిచారో కనుక్కోండి. మన పిల్లలు చదివే యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ ఆ పక్కనే కదా, దానికి పంపడానికి ఎవరికీ భయం లేదు. మనవాళ్లు ఇంతమంది రావడానికి తలుపు తీసిన 1965 వలస చట్టం కూడా పౌరహక్కుల ఉద్యమం నడిచిన రోజుల్లోదే, ఆ ఊపులో వచ్చిందే. "వాళ్ల పండగ" అన్నమాట మాత్రం ఒప్పుకుంటాను. పేరంటానికి పిలిస్తే వెళ్లి పసుపు కుంకుమ అందుకుంటాం గానీ పీటలు మనం వాల్చం. అక్కడా అంతే.

అంటే ఏమిటంటే, వాళ్ల వేషం మీరు కట్టక్కర్లేదు. మామూలు నూలు బట్టలు చాలు, హ్యూస్టన్ జూన్ ఉక్కపోతకు అవే మేలు. నల్లవాళ్లు తమ జాతీయగీతంలా భావించే "లిఫ్ట్ ఎవ్రీ వాయిస్ అండ్ సింగ్" పాట మొదలవగానే అందరూ లేస్తారు, మీరూ లేవండి, ఫోన్లు దించండి. వాళ్ల పిల్లల్ని అడక్కుండా ఫొటో తీయొద్దు. స్టాళ్లలో ఏదో ఒకటి కొనండి. నేను వెళ్లిన ఏడు పాటల వేదిక దగ్గర కంటే డామినోలు ఆడుతున్న పెద్దాయనల బల్ల దగ్గరే ఎక్కువసేపు ఉండిపోయాను. ఒకాయన నాకు ఆట నేర్పబోయి, నా తెలివికి విసుగెత్తి, "నువ్వు లెక్క రాయమ్మా చాలు" అని కాగితం చేతికిచ్చాడు.

పులిహోర సంగతి ఆవిడనే అడగండి, రమ్మన్నది ఆవిడే కదా. అక్కడ ఎర్ర సోడా, ఎర్ర కేకు, పుచ్చకాయ, బార్బెక్యూ కనిపిస్తాయి, ఎర్రవి తినడం ఆ రోజు ఆనవాయితీ. మీవారికి ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి: పుచ్చకాయ మీద జోకులు వద్దు. ఈ దేశంలో దాన్ని అడ్డం పెట్టుకుని నల్లవాళ్లను ఏళ్ల తరబడి ఎగతాళి చేశారు. ముక్క ఇస్తే తీసుకుని తినమనండి.