డైవింగ్ టార్చి నీళ్ళలో ఆరిపోయి ఒడ్డున మళ్ళీ వెలుగుతుంటే బ్యాటరీ మార్చాలా?

రీచార్జబుల్ టార్చి నీళ్ళలోకి దిగిన పది నిమిషాలకే ఆరిపోతోందనీ, పైకి తెచ్చి కాసేపు ఉంచితే మళ్ళీ వెలుగుతోందనీ, కొత్త బ్యాటరీ ఏది కొనాలనీ అడిగారు. ఇప్పుడే ఏదీ కొనకండి. పన్నెండేళ్ళుగా కావలి వైపు బోట్ల ప్రొపెల్లర్లకు చుట్టుకున్న తాళ్ళు కోస్తూ, చెరువు తూముల్లో ఇరుక్కున్న కొమ్మలు లాగుతూ, బావుల్లో పడిన మోటార్లకు మోకు కట్టి పైకి అందిస్తూ బతుకుతున్నవాణ్ణి కనుక, బ్యాటరీ మీద పడే నిందల్లో సగానికి పైగా, మూత దగ్గర నీళ్ళు చొరకుండా ఆపే రబ్బరు రింగు చేసిన పాపాలేనని గట్టిగా చెప్పగలను.

నాలుగేళ్ళ కిందట సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసిన వారంలో, తొలి వేటకు వెళ్ళిన ఒక బోటు నైలాన్ తాడును ప్రొపెల్లరుకు చుట్టుకుని, మరో బోటు లాక్కొస్తే జువ్వలదిన్నెకు చేరింది. సాయంత్రం అయింది. బోటు కింద రెండు మీటర్ల నీళ్ళు కూడా లేవు కానీ, ఆ బురద నీటిలో పట్టపగలు కూడా చెయ్యి చాచితే వేళ్ళు కనిపించవు. తాడు మూడు చుట్లు తెంపానో లేదో, టార్చి మూడుసార్లు కన్నుగొట్టి ఆరిపోయింది. ఒక చేతిలో కత్తి, రెండో చేతిలో ఆరిన టార్చి, తల మీద బోటు అడుగు. మోచేత్తో బోటు అడుగును తడుముకుంటూ బయటపడ్డాను. సరంగు పైనుంచి వంగి, "ఏంది నా, అప్పుడే వచ్చేశావు?" అన్నాడు. లైటు పోయిందని చెప్పి స్విచ్చి నొక్కితే, తెల్లగా భేషుగ్గా వెలిగింది. "నీ లైటుకు నీళ్ళంటే భయమేమో నా" అని అతను నవ్వాడు. ఆ సాయంత్రం అలా మూడుసార్లు దిగాను, మూడుసార్లూ అదే తంతు.

మీలాగే నేనూ బ్యాటరీ అనుకున్నాను. మరునాడు నెల్లూరు వెళ్ళి, పైన 9,900 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) అని బంగారు రంగులో అచ్చువేసిన సెల్లు కొన్నాను. అది నాలుగు నిమిషాలకే చేతులెత్తేసింది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నా టార్చిలో పడేది 18650 రకం, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే సెల్లు. ఆ పరిమాణంలో పేరున్న కంపెనీల మంచి సెల్లు కూడా సుమారు 3,500 ఎంఏహెచ్ దగ్గరే ఆగుతుంది. అందులో 9,900 పట్టిందనడం, శేరు గిన్నెలో మూడు శేర్ల బియ్యం పోశామనడమే. అసలు సెల్లు 45 నుంచి 50 గ్రాముల దాకా తూగుతుంది. నాది నగల కొట్టులో తూకం వేయిస్తే 30 గ్రాములు కూడా లేదు.

చివరికి మా ఊళ్ళో మోటారు వైండింగు చేసే మా మేనల్లుడి దగ్గరికి పోయాను. పాత సెల్లుకు మల్టీమీటరు పెడితే 4.1 వోల్టులు చూపింది. నిండా ఎక్కిన సెల్లుకు 4.2 ఉంటుంది. అంటే సెల్లు చచ్చిపోలేదు. వాడు ఆ సెల్లును పక్కన పెట్టి, టార్చి గొట్టం లోపలికి సెల్‌ఫోన్ లైటు కొట్టి, "ఈ పచ్చదనం ఏంది మామా?" అన్నాడు. స్ప్రింగు అడుగున చిలుము పట్టి ఉంది, మూత మరల్లో సున్నం లాంటి తెల్లని పొడి ఉంది. వాడు చెప్పిన లెక్క ఇది: టార్చి హై మోడులో 3 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, ఆ చిలుము దగ్గర 0.3 ఓం అడ్డు ఉన్నా 0.9 వోల్టు అక్కడే కరిగిపోతుంది. సెల్లులో సరుకు ఉన్నా, లోపలి సర్క్యూటుకు మాత్రం 3 వోల్టులే కనిపించి, సెల్లు అయిపోయిందనుకుని ఆర్పేస్తుంది. పైకి తెచ్చి కాసేపు ఉంచితే సెల్లు తేరుకుంటుంది కనుక మళ్ళీ వెలుగుతుంది.

చిలుము పట్టాలంటే నీళ్ళు వెళ్ళాలి కదా. మూత దగ్గరి రబ్బరు రింగును సూదితో పొడవకుండా, రెండు వేళ్ళతో నొక్కి ఉబ్బించి పైకి తీసి చూస్తే, దాని మీద అడ్డంగా అంగుళమైనా లేని ఎర్రటి నూలుపోగు అంటుకుని ఉంది. ఆ ఎరుపు నా తువ్వాలుది. నిషేధానికి ముందు చివరి రోజున, నీళ్ళలోకి దిగబోతూ టార్చి తుడిచి మూత బిగించింది ఆ తువ్వాలుతోనే. నూలుపోగు ఒత్తిలా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. లోతులో అయితే నీటి ఒత్తిడే రింగును గాడిలోకి ఇంకా గట్టిగా అదిమి పట్టవచ్చు, రెండు మీటర్లలో ఆ సాయం కూడా ఉండదు. అలా వెళ్ళిన ఒక్క ఉప్పునీటి బొట్టు రెండు నెలలు రేకుపెట్టెలో కూర్చుని తన పని తాను చేసుకుంది.

పైగా ఆ రెండు నెలలు ఎలాంటివి? మన తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. నెల్లూరు ఎండలు మండేదీ అప్పుడే. నిండా ఛార్జి చేసి, సెల్లు తీయకుండా రేకుపెట్టెలో పడేశాను. నిండుగా ఉండి వేడిలో మగ్గిన లిథియం సెల్లు త్వరగా ముసలిదవుతుంది. సగం ఛార్జితో, అంటే 3.7 లేక 3.8 వోల్టుల దగ్గర, విడిగా తీసి ఇంట్లో చల్లని చోట పెట్టి ఉంటే సరిపోయేది. చిలుము గీకించాక ఆ సెల్లు మళ్ళీ పనిచేసింది కానీ, మునుపు గంటకు పైగా వచ్చే వెలుగు నలభై నిమిషాలకు తగ్గింది.

కనుక మీరు ఈ రాత్రే టార్చిని బకెట్టు నీళ్ళలో ముంచి, ముందు లో మోడులో (తక్కువ వెలుగులో), తర్వాత హై మోడులో వెలిగించండి. గాలిలో హై మోడులో ఎక్కువసేపు ఉంచకండి, ఈ టార్చిలు చల్లబడడానికి నీటినే నమ్ముకుంటాయి. లో మోడులో గంటలు నిలిచి హై మోడులో ఆరిపోతే, ఎక్కడో అడ్డు ఉన్నట్టే. అది కాంటాక్టులదా (సెల్లు కొనలు తగిలే చోట్లు), సెల్లు లోపలిదా అన్నది తుడిచి చూస్తేనే తేలుతుంది. కాంటాక్టులను పెన్సిలు రబ్బరుతో రుద్ది, సెల్‌ఫోన్ రిపేరు వాళ్ళు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. గరుకు కాగితం వాడితే పూత లేచిపోతుంది. రింగుకు మెరుపు కనిపించేంత పలుచగా సిలికాన్ గ్రీజు రాయండి, కానీ మీ రింగే సిలికాన్ రబ్బరుదైతే అదే గ్రీజు దాన్ని ఉబ్బిస్తుంది కనుక టార్చితో వచ్చిన కాగితం ఒకసారి చదవండి. కొబ్బరినూనె రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఒకప్పుడు నేనూ రాశాను.

మూత తీసినప్పుడు లోపల నీళ్ళు కనిపిస్తే మాత్రం జాగ్రత్త. ఉప్పునీరు తగిలిన సెల్లు దగ్గర వాయువు పుట్టి, మూత బిగువుకు లోపలే ఒత్తుకుని ఉండవచ్చు. ముఖానికి దూరంగా తిప్పి, మెల్లగా ఒక్కో మర విప్పండి. తుప్పు పట్టిన సెల్లునూ, 2.5 వోల్టుల కిందికి పడిపోయిన సెల్లునూ మళ్ళీ ఛార్జికి పెట్టకండి.

ఇవన్నీ చేశాక కూడా ఆరిపోతుంటే, అప్పుడు సెల్లు కొనండి. కొనడానికి వెళ్ళేటప్పుడు పాతది జేబులో వేసుకుపోయి పక్కపక్కన నిలబెట్టి చూడండి. రక్షణ సర్క్యూటు ఉన్నవి రెండు మూడు మిల్లీమీటర్లు పొడుగుండి ఒక్కోసారి మూత పడనివ్వవు, తల చదునుగా ఉన్నవి కొన్ని టార్చిల్లో కాంటాక్టుకు తగలనే తగలవు.