పేలోడ్ సైజుకి పరిమితి పెడితే జావా డీసీరియలైజేషన్ దాడి ఆగుతుందా?

బయటి నుంచి వచ్చిన బైట్లని (పేలోడ్) జావా మళ్లీ ఆబ్జెక్టులుగా మార్చుకోవడమే డీసీరియలైజేషన్. "10 కేబీ దాటిన పేలోడ్‌ని గేట్‌వే దగ్గరే తిప్పి పంపేస్తున్నాం, చాలదా?" అని అడిగారు. చాలదు. సీరియల్‌డాస్ అని, సర్వర్‌ని ఎడతెగని పనిలో ముంచేసే పాత ఉదాహరణ ఒకటుంది: 201 హ్యాష్‌సెట్‌లు, మొత్తం 5,744 బైట్లు. మీ గేట్‌వే దాన్ని దర్జాగా లోపలికి పంపిస్తుంది.

దాని అమరిక చూడండి. ఒక్కో మెట్టులో రెండు సెట్‌లు, రెండింటిలోనూ కింది మెట్టులోని అవే రెండు సెట్‌లు. ఆ రెండూ సమానమైపోయి ఒకటిగా కలిసిపోకుండా ఒకదాంట్లో చిన్న స్ట్రింగ్ వేస్తారు. ఇలా 100 మెట్లు. చదివేటప్పుడు ప్రతి ఎలిమెంట్‌నీ మళ్లీ సెట్‌లో పెట్టాలి, పెట్టాలంటే హ్యాష్‌కోడ్ (ఎలిమెంట్ చోటు తేల్చే అంకె) కావాలి, సెట్ హ్యాష్‌కోడ్ కావాలంటే దాని లోపలివన్నీ లెక్కగట్టాలి. లెక్కగట్టింది ఎక్కడా దాచుకోదు కాబట్టి మెట్టు పెరిగిన కొద్దీ పని రెట్టింపు. 25 మెట్లకే 3 కోట్ల పైచిలుకు లెక్కలు, 100 మెట్లకు 31 అంకెల సంఖ్య. కట్టేవాడు మాత్రం ఖాళీ సెట్‌లతో మొదలుపెడతాడు, వాడికి ఖర్చేమీ లేదు.

మెమరీ పెరగదు కాబట్టి ఆ అలారం మోగదు, హీప్ డంప్‌లోనూ (మెమరీ నకలు) ఏమీ దొరకదు. జేస్టాక్ (థ్రెడ్‌లు ఆ క్షణాన ఏ పనిలో ఉన్నాయో చూపే టూల్) తీస్తే హ్యాష్‌సెట్ రీడ్‌ఆబ్జెక్ట్ మీద అబ్‌స్ట్రాక్ట్‌సెట్ హ్యాష్‌కోడ్ వరసలు వరసలుగా కనిపిస్తుంది. 30 సెకన్ల టైమవుట్ కనెక్షన్‌ని తెంపుతుంది గానీ థ్రెడ్ తిరుగుతూనే ఉంటుంది. 8 కోర్ల సర్వర్‌ని ముంచడానికి 8 రిక్వెస్టులు చాలు. దీనికి ర్యామ్ పెంచమని సలహా ఇచ్చేవాళ్లకి దండం పెట్టాలి.

ఆపేది లోతు పరిమితి. డీసీరియలైజేషన్‌లో దేన్ని రానివ్వాలో చెప్పే జేడీకే.సీరియల్‌ఫిల్టర్ ప్రాపర్టీలో మ్యాక్స్‌డెప్త్=20 పెట్టండి. జావా 9లో వచ్చింది, 8లో అయితే 121వ అప్‌డేట్ నుంచి ఉంది. చదవడం ముందు అట్టడుగుదాకా దిగి, హ్యాష్ పని పైకి వస్తూ చేస్తుంది కాబట్టి 21వ మెట్టు దగ్గరే ఇన్‌వాలిడ్‌క్లాస్ ఎక్సెప్షన్ వస్తుంది, ఒక్క సెట్ హ్యాష్ కూడా లెక్కగట్టకుండా. మ్యాక్స్‌రెఫ్స్ (మొత్తం రెఫరెన్సుల సంఖ్యకి పరిమితి) 10,000 పెట్టి ధీమాగా ఉంటే మాత్రం ఇది దర్జాగా దాటిపోతుంది.

మ్యాక్స్‌అరే (అరే పొడవుకి పరిమితి) కూడా పెట్టండి. పొడవు 200 కోట్లని చెప్పుకునే బైట్ అరే స్ట్రీమ్‌లో పదుల బైట్లే, కానీ డేటా రాకముందే జేవీఎం 2 జీబీ అడుగుతుంది. ఆ తర్వాత అదే ఫిల్టర్‌లో మీ క్లాసులు మాత్రమే రాసి, చివర !* (మిగతావేవీ వద్దని) తగిలించండి. చదివాక ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో అది ఏ క్లాసో చూసుకుంటామంటే అప్పటికే ఆలస్యం.