తొలి సినిమా రాసేవారికి రెసిడెన్సీ వల్ల ఏం లాభం?
ఒంగోలులో ఉంటూ తొలి చిత్రానికి కథ రాసుకుంటున్నవారికి రెసిడెన్సీ, అంటే కొంతకాలం ఒకచోట బస చేసి రాసుకునే కార్యక్రమం, వల్ల ఒరిగేదేమిటన్నది ప్రశ్న. అక్కడ ప్రధానంగా దొరికేది నిర్మాణానికి పెట్టుబడి కాదు. వసతి, రాసుకునే తీరిక, అనుభవజ్ఞుల సలహా. కాన్ చిత్రోత్సవం 2000లో ప్యారిస్‌లో ప్రారంభించిన రెసిడెన్సీ, మొదటి లేదా రెండో కథాచిత్రం రాస్తున్న దర్శకులకు నాలుగున్నర నెలల బసతో పాటు భత్యం కూడా ఇస్తూ వచ్చింది. మన ఎన్‌ఎఫ్‌డీసీ (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ) స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ మాత్రం బస కన్నా స్క్రిప్టును చెక్కడం మీదే దృష్టి పెడుతుంది.

ఎంపికలో సాధారణంగా కథాసంగ్రహం, దర్శకుని వివరణ, ఇదివరకు తీసిన లఘుచిత్రం చూస్తారు. చీరాల నేతగాని కథైతే, "చేనేత కష్టాలు" అని రాసి ఊరుకోకుండా, వానకు మగ్గం గుంటలో నీరూరి పని ఆగిన రోజు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో రాయడం మేలని నా అభిప్రాయం. విదేశీ దరఖాస్తులకు లఘుచిత్రంలో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ దాదాపు తప్పనిసరి కనుక, ఆ పనిని గడువు తేదీ దాకా నాన్చకూడదు.