ఆ తోట నత్తలు కూరకూ వద్దు, బాతులకూ వద్దు

ప్రశ్న: మూసీ కాలువ నీటితో బొప్పాయి వేశాను. వానలు పడ్డాక పిడికిలంత ఆఫ్రికా నత్తలు చేరి లేత ఆకులు, కాండం తొక్క గీరి తినేస్తున్నాయి. చెరువు నత్తలు వండుకునే అలవాటు మాకుంది. వీటిని రెండు రోజులు పస్తు పెట్టి, ఉప్పుతో కడిగి తినొచ్చా? బాతులకు వేయొచ్చా?
– ఒక రైతు, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: రెండూ వద్దండి. పస్తు పెట్టడం మంచి అలవాటే, ఫ్రాన్సులో నత్తలు వండేవాళ్లూ అదే చేస్తారు. కానీ దాంతో పోయేది పేగులోని మన్ను మాత్రమే. మూసీలో నగరం మురుగుతో పాటు పరిశ్రమల వ్యర్థాలూ కలుస్తాయి. నత్త ఆకుతో పాటు మట్టినీ తింటుంది. అలా ఒంట్లోకి వెళ్లిన కాడ్మియం అనే విష లోహం గుల్ల చివరి చుట్టలో మెత్తగా, ముదురు గోధుమ రంగులో ఉండే జీర్ణగ్రంథికి చేరుతుంది. నత్త దాన్ని ఒక ప్రత్యేక ప్రోటీనుతో కట్టేసి దాచుకుంటుంది. అందుకే లోహం నిండినా చావదు, బలంగానే కనిపిస్తుంది. ఇది క్రిమి కాదు, లోహం. ఎంత ఉడికించినా పోదు. సీసమైతే కాల్షియం దారిలో కొంత గుల్లలోకీ వెళ్తుంది. మీరు మైలుతుత్తం, బోర్డో మిశ్రమం వాడి ఉంటే వాటిలోని రాగి కూడా చేరుతుంది. నత్తలను చంపే మెటాల్డిహైడ్ మందు గుళికలు చల్లిన తోట నత్తలనైతే అసలు ముట్టకండి.

మనిషి మూత్రపిండాల్లో చేరిన కాడ్మియం సగం తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. జపాన్‌లో జింజు నది ఒడ్డున గనుల నీళ్లు పారిన పొలాల బియ్యం తిని ఎందరో ఆడవాళ్లు ఎముకలు గుల్లబారి, ‘ఇటాయ్ ఇటాయ్’ (నొప్పి నొప్పి) అని ఏడ్చారు. ఆ జబ్బుకు కాడ్మియమే కారణమని 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. సాగునీటితో వచ్చిన కష్టమే అది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

జీర్ణగ్రంథి తీసేసి కండ మాత్రమే తింటే? లోహం తగ్గే మాట నిజం. అయినా పరీక్ష చేయించకుండా మీ తోట నత్తలకు నేను సరే అనలేను. బాతులకు వేస్తే వాటి కాలేయం, మూత్రపిండాల్లో పేరుకుని మళ్లీ మీ కంచంలోకే వస్తుంది.

సాయంత్రం తడి గోనె సంచుల కింద బొప్పాయి ఆకులు పరచండి, తెల్లారేసరికి నత్తలు అక్కడ చేరతాయి. ఎలుకల నుంచి వచ్చే ఒక నులిపురుగు వీటిలో ఉండొచ్చు, మెదడుకు ప్రమాదం. కాబట్టి తొడుగులు వేసుకునే ఏరి, బకెట్లో చిక్కటి ఉప్పు నీళ్లలో వేసి చంపి లోతుగా పూడ్చండి. ఉప్పు నేల మీద చల్లొద్దు.

భార లోహాలు పరీక్షించే ప్రయోగశాలలో మట్టి, నీళ్లు చూపించండి. మీరు తినే చెరువు నత్తల సంగతీ అంతే: వాన నీటితో నిండే చెరువైతే వేరు, మూసీ నీళ్లు చేరే చెరువైతే ఆ కూర ఈ రోజే ఆపండి, ముఖ్యంగా పిల్లలకు, గర్భిణులకు.