మనవలొచ్చే వేసవికి డిపాజిట్ కదపాలా?

ప్రశ్న: మాది తెనాలి. టీచరుగా రిటైరయ్యాను. పింఛను 46,000 వస్తుంది, ఇల్లు గడవడానికి 38,000 అవుతుంది. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 15 లక్షలు వేసి పదహారు నెలలైంది. బ్యాంకులో 5 లక్షల ఎఫ్‌డీ, సేవింగ్స్‌లో 75,000 ఉన్నాయి. ఎండాకాలం సెలవులకు హైదరాబాద్ నుంచి అమ్మాయి ఇద్దరు పిల్లలతో వస్తుంది, అల్లుడు చివరి వారం వస్తాడు. జూన్ మొదట్లో డల్లాస్ నుంచి అబ్బాయి, కోడలు, వాళ్ల పిల్లలిద్దరూ దిగుతారు. పోయినేడు మొత్తం 2,60,000 ఖర్చయింది. అందుకోసం ఒక ఎఫ్‌డీ తీసేశాం. ఈసారి మేడగదికి ఏసీ కూడా పెట్టించాలి. స్కీములో డబ్బు తీయమంటారా, కార్డు మీద ఈఎంఐ పెట్టమంటారా? పిల్లల్ని అడగాలంటే మనసొప్పడం లేదు. మామిడిపళ్లు, చేపలు కాస్త తగ్గిద్దామని మా ఆవిడ అంటోంది.

జవాబు: మాస్టారూ, స్కీము కదపొద్దు, కార్డు జోలికీ వెళ్లొద్దు. మామిడిపళ్లు మాత్రం అస్సలు తగ్గించొద్దు.

మీరు పంపిన పద్దు చూశాను. పోయినేడు సరుకులు, పాలు, కూరలు, చేపలు, పళ్లు అన్నీ కలిపి అదనంగా అయింది 48,000. కరెంటు 14,000, తిరుపతి ప్రయాణం 46,000, కట్టించి ఇచ్చిన పచ్చళ్లు, పొడులు 12,000. మిగతాదంతా పెట్టుపోతలే. బట్టలకు 52,000, నలుగురు మనవలకు తలా రెండు గ్రాముల బంగారానికి 88,000. అంటే సగానికి పైగా, 1,40,000, బట్టల షాపుకీ బంగారం కొట్టుకీ పోయింది. పిల్లలు తిన్నది అయిదో వంతు కూడా లేదు. ఇంత కళ్ల ముందు పెట్టుకుని నూజివీడు రసాల పెట్టె దగ్గర పొదుపు చేద్దామంటే ఎలా?

బంగారం ఈ ఏడు ఆపేయండి. గ్రాము పదివేలు ఎప్పుడో దాటింది. రేపు ఒకడికి పంచెల ఫంక్షన్, ఒకమ్మాయికి ఓణీల ఫంక్షన్ వస్తే ఎలాగూ పెట్టక తప్పదు కదా, అప్పుడు పెడుదురు గాని. ఏటా సెలవులకొచ్చినప్పుడల్లా పెట్టాలన్న ఆచారం ఎక్కడా లేదు. బట్టలకు 20,000 గీత గీసుకోండి. అల్లుడిగారికి, కోడలికి పెట్టాల్సింది పెట్టినా అందులో సరిపోతుంది.

ఇక ఏసీ. కొనే ముందు అది ఎన్ని రాత్రులు కావాలో చూడండి. మన బళ్లు జూన్ 12న తెరుస్తారు కాబట్టి అమ్మాయి ఆ ముందే బయల్దేరుతుంది. అబ్బాయి పిల్లలకు అక్కడ సెలవులిచ్చేసరికే మే నెలాఖరు. రెండు కుటుంబాలూ మీ ఇంట్లో ఒకేసారి ఉండేది వారం, మహా అయితే పది రోజులు. అమ్మాయి వెళ్లగానే కింద ఏసీ గది అబ్బాయి వాళ్లకి ఖాళీ అవుతుంది. ఆ పది రోజుల కోసం నలభై వేలు పెట్టే కంటే మీ ఊళ్లో నెల అద్దెకు ఏసీ ఇచ్చేవాళ్లు దొరుకుతారేమో కనుక్కోండి. కూలర్‌తో సరిపెడదామనుకోవద్దు, మన వైపు ఉక్కలో అది తేమే పెంచుతుంది. టన్నున్నర ఏసీ రాత్రంతా నడిస్తే పది పన్నెండు యూనిట్లు లాగుతుంది. పై స్లాబులో యూనిట్ తొమ్మిది రూపాయల పైమాటే, అంటే రాత్రికి వంద రూపాయలు. ఆ వందకి వెనకాడి రోహిణి కార్తెలో పిల్లల్ని ఉడకబెట్టక్కర్లేదు.

స్కీము ఎందుకు కదపొద్దంటున్నానో చెబుతాను. అందులోంచి కావలసినంత మేరకు కొంచెం తీసుకునే వీలు లేదు, ఖాతా మొత్తం మూసేయాల్సిందే. ఏడాది దాటి రెండేళ్లు నిండకుండా మూస్తే అసలులో 1.5 శాతం కోత. మీకది 22,500. పైగా 8.2 శాతం వడ్డీ వదులుకోవాలి. ఎఫ్‌డీ సంగతంటారా, అది మీ మోకాళ్లకూ ఆవిడ బీపీకీ దాచిన డబ్బు. పోయినేడే ఒకటి అయిపోయింది. కార్డు ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఉంటాయి. ఒక్క వాయిదా తప్పితే నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడుతుంది.

మరి డబ్బు ఎక్కడిది? ఏప్రిల్ మొదట్లో స్కీము మూడు నెలల వడ్డీ 30,750 పడుతుంది. సేవింగ్స్ నుంచి 70,000 కలపండి, లక్ష అయింది. వంటింటికి 50,000, కరెంటుకి, ఏసీ అద్దెకి 20,000, బట్టలకు 20,000, పచ్చళ్లకు 10,000. పచ్చడి మీరు ఇంట్లోనే పెట్టుకుంటే ఇంకా తగ్గుతుంది, కానీ ఆ ఎండల్లో ఆవిడ చేత కాయ కొట్టించమని నేను చెప్పను. జూలైలో పడే వడ్డీతో సేవింగ్స్‌లో తీసినదాంట్లో కొంత పూడ్చుకోండి. ఆ నెల నుంచే 5,000 చొప్పున ఆర్‌డీ కట్టండి. వచ్చే వేసవికి ఆర్‌డీ సొమ్ము, ఏప్రిల్ వడ్డీ కలిపితే 80,000 దాకా చేతిలో ఉంటుంది.

తిరుపతి ఈ లెక్కలో లేదు, గమనించారా? అది అబ్బాయికి వదిలేయండి. డబ్బు అడగమనడం లేదు. ఫోన్ చేసినప్పుడల్లా "ఏం తెమ్మంటావు నాన్నా" అంటాడు, మీరేమో "మీరు వస్తే చాలురా" అంటారు. ఈసారి "మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు, బండి, రూములు నువ్వే బుక్ చేసెయ్యి, నాకు ఆ ఆన్‌లైన్ తంటా వద్దు" అనండి. బుక్ చేసినవాడి కార్డు మీదే డబ్బు పోతుంది, మీ నోట డబ్బు మాటే రాదు. రెండు సెంటు సీసాలు, నాలుగు చాక్లెట్ ప్యాకెట్లు తగ్గించుకుంటే వాడికి పెద్ద భారమూ కాదు. అమ్మాయి "సరుకులు నేను ఆర్డర్ పెడతా" అంటే వద్దనకండి, అల్లుడి సొమ్మని బిగుసుకుపోకండి, ఆమే సంపాదిస్తున్నా సంపాదించకపోయినా అది కూతురు చేసే పని. ఒకవేళ అబ్బాయి మీ ఖాతాలోకే పంపినా, కన్నబిడ్డ ఇచ్చిన బహుమతి కాబట్టి మీకు పన్ను పడదు, ఎంత మొత్తమైనా సరే.

ఇంకొకటి కూడా వాడికే చెప్పండి. అమెరికా ఆరోగ్య బీమాలు చాలావరకు ఇక్కడ చెల్లవు. నీళ్లు మారి పిల్లాడికి వాంతులు పట్టుకుని ఒక రాత్రి సెలైన్ ఎక్కిస్తే కౌంటర్ దగ్గర పర్సు తీసేది తాతగారే. బయల్దేరే ముందే నలుగురికీ ట్రావెల్ పాలసీ తీసుకోమనండి.

దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు, పెట్టిన కాసేపటికే అయిపోతాయి. జూన్ తేదీలు ఈ ఆదివారం వీడియో కాల్‌లోనే ఖాయం చేసుకోండి.